ప్రమాదం పద్ధతిలో లేదు, చాటుమాటులో ఉంది

గర్భస్రావం గురించి మన తెలుగు ఇళ్లలో ప్రధానంగా రెండు మాటలు వినిపిస్తాయి. మొదటిది పెద్దవాళ్లు చెప్పేది: "తొలిచూలు తీయించుకుంటే ఇక జన్మలో కడుపు పండదు." రెండవది మగవాళ్లు చెప్పేది: "మెడికల్ షాపులో కిట్టు దొరుకుతుంది, మింగితే అయిపోతుంది, దీనికింత రాద్ధాంతమా?" మొదటి మాట భయపెట్టి నోరు మూయిస్తుంది. రెండవ మాట తేలిక చేసి నోరు మూయిస్తుంది. రెండూ అబద్ధాలే. ఈ రెండు అబద్ధాల నడుమ నిజం తెలియక, అడగడానికి దిక్కులేక, ఎంతోమంది స్త్రీలు తమ ప్రాణంతో జూదమాడుతున్నారు.

నేను వైద్యురాలిని కాను. దాదాపు ముప్ఫై ఏళ్లు జూనియర్ కళాశాలల్లో జంతుశాస్త్రం బోధించినదాన్ని. పునరుత్పత్తి పాఠం వచ్చినప్పుడు తరగతిలో ఎవరూ తల ఎత్తేవారు కాదు. పాఠమయ్యాక మెట్ల దగ్గర ఒంటరిగా నిలబడి, "అక్క కోసం అడుగుతున్నాను మేడమ్" అంటూ మొదలుపెట్టే అమ్మాయిలు ప్రతి ఏడూ ఉండేవారు. వాళ్లు అడిగే ప్రశ్నలకు సమాధానాలు రహస్యాలేమీ కావు. అన్నీ వైద్య గ్రంథాల్లో ఉన్నవే. వాటిని మెట్ల దగ్గర గుసగుసగా చెప్పవలసి రావడమే అసలు రోగమని నాకు అప్పుడే అర్థమైంది. ఆ గుసగుసను ఇవాళ పైకే చెప్పదలచుకున్నాను.

నా వాదన ఒక్కటే. సరైన సమయంలో, సరైన పద్ధతిలో, తెలిసినవారి పర్యవేక్షణలో జరిగే గర్భస్రావం చాలా సురక్షితమైన వైద్య ప్రక్రియ. దాన్ని ప్రమాదకరంగా మారుస్తున్నది ఆలస్యం, అజ్ఞానం, పాతబడిన పనిముట్లు, చదువులేని చేతులు. ఈ నాలుగింటికీ తల్లి సిగ్గు. స్త్రీని సిగ్గుపడమని శాసించేవాడు తరువాత జరిగే నష్టానికి బాధ్యత వహించడు. ఆ నష్టాన్నే చూపించి మళ్లీ ఆమెనే భయపెడతాడు.

ముందు పద్ధతులేమిటో చూద్దాం. తెలియనిదాని గురించి వాదించుకోవడం మనకు అలవాటే అయినా, ఈ ఒక్క విషయంలో ఆ అలవాటు మానుకుందాం.

మొదటిది మాత్రల పద్ధతి. ఇందులో రెండు మందులుంటాయి. మిఫెప్రిస్టోన్ అనేది ప్రొజెస్టిరోన్ పనిని అడ్డుకుంటుంది. గర్భాన్ని నిలబెట్టే హార్మోను అదే కనుక, దాని పని ఆగిపోగానే పిండం గర్భసంచి గోడనుంచి పట్టు వదులుతుంది. ఒకటి రెండు రోజుల తరువాత వాడే మిసోప్రోస్టాల్ గర్భసంచిని సంకోచింపజేసి, లోపలిదాన్ని బయటికి నెడుతుంది. మొదటిదాన్ని 1980లలో ఫ్రాన్స్‌లో రూపొందించారు. 1988లో ఆ దేశం దానికి అనుమతి ఇచ్చింది. రెండవది మొదట కడుపులో పుళ్లకు మందుగా వచ్చింది. మన దేశంలో మిఫెప్రిస్టోన్‌కు 2002లో అనుమతి లభించింది. రెండు మందులూ కలిపిన కిట్టు 2008లో వచ్చింది. తొమ్మిది వారాల లోపు గర్భానికి వీటిని వాడవచ్చునని మన నిబంధనలు చెబుతున్నాయి. ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటుంది. తొమ్మిది వారాలంటే నెల తప్పిన రోజు నుంచి కాదు, ఆఖరి బహిష్టు మొదలైన రోజు నుంచి. అంటే నెల తప్పిందని తెలిసేసరికే నాలుగు వారాలు గడిచిపోయాయన్నమాట. మిగిలింది అయిదు వారాలే.

సరైన మోతాదులో, సరైన గడువులో వాడితే నూటికి తొంభై అయిదు మందికి పైగా ఈ మాత్రలతోనే గర్భస్రావం పూర్తవుతుంది. మిగిలిన కొద్దిమందిలో లోపల ముక్కలు మిగిలిపోవడమో, గర్భం కొనసాగడమో జరుగుతుంది. వారికి ఆసుపత్రిలో చిన్న ప్రక్రియ అవసరమవుతుంది. నొప్పి, రక్తస్రావం ఈ పద్ధతిలో భాగమే. రక్తం రెండు వారాల దాకా కొద్దికొద్దిగా కనిపించవచ్చు. అయితే గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోతే అది మామూలు కాదు. ఒక రోజు దాటినా తగ్గని జ్వరం మామూలు కాదు. దుర్వాసనతో కూడిన స్రావం మామూలు కాదు. ఇవి కనిపించిన క్షణంలో ఆసుపత్రికి పోవాలి. ఈ నాలుగు వాక్యాలు తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రతి కిట్టు మీదా ఉండాలి. అవి లేకుండా ఆ పెట్టెను చేతిలో పెట్టడం మందు ఇవ్వడం కాదు, వదిలించుకోవడం.

రెండవది చూషణ పద్ధతి. గర్భాశయ ముఖద్వారం గుండా సన్నని, వంగే గుణమున్న ప్లాస్టిక్ గొట్టాన్ని లోపలికి పంపి, చేతితో నడిపే సిరంజితో గానీ, విద్యుత్ యంత్రంతో గానీ లోపలిదాన్ని పీల్చివేస్తారు. తొలి మూడు నెలల్లో ఈ పని అయిదు నుంచి పది నిమిషాల్లో అయిపోతుంది. చాలామందికి పూర్తి మత్తు కూడా అక్కరలేదు. అక్కడికక్కడ మొద్దుబారే ఇంజెక్షను, నొప్పి మాత్రలు చాలు. కొన్ని గంటల్లో ఇంటికి వెళ్లిపోవచ్చు. ఇందులోనూ ప్రమాదాలున్నాయి: గర్భసంచికి చిల్లు పడటం, ఇన్ఫెక్షను, అధిక రక్తస్రావం. శిక్షణ పొందిన చేతుల్లో ఇవి అరుదు. చిల్లు పడటం వెయ్యిమందిలో ఒకరికి జరిగే పాటిది.

మూడవది మన ఇళ్లలో అందరికీ పేరు తెలిసినది: డి అండ్ సి. మనవాళ్ల నోట "డీఎన్సీ". "క్లీనింగ్ చేశారు" అనేది కూడా దీన్నే. ముఖద్వారాన్ని లోహపు కడ్డీలతో వెడల్పు చేసి, పదునైన అంచున్న గరిటెలాంటి పనిముట్టుతో గర్భసంచి లోపలి గోడను గీకివేయడం. ఇది కాలం చెల్లిన పద్ధతి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012 నాటి మార్గదర్శకాల్లోనే స్పష్టంగా చెప్పింది. దీని బదులు చూషణగానీ, మాత్రలుగానీ వాడమంది. చూషణతో పోలిస్తే దీనిలో పెద్ద ఇబ్బందులు రెండు మూడు రెట్లు ఎక్కువని కూడా ఆ సంస్థే చెప్పింది. గోడను మరీ లోతుగా గీకితే లోపల మచ్చలు కట్టి, గోడలు ఒకదానికొకటి అతుక్కుపోయి, బహిష్టులు ఆగిపోవచ్చు. తరువాత గర్భం నిలవకపోవచ్చు. 1948లో ఆషర్మన్ అనే వైద్యుడు దీన్ని వివరంగా వర్ణించాడు కనుక ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు మొదటి అబద్ధం దగ్గరికి వద్దాం. "తీయించుకుంటే పిల్లలు పుట్టరు" అనే అమ్మమ్మల మాట గాలిలోంచి పుట్టలేదు. మురికి పుల్లలు, చిత్రమూలం వేర్లు, జిల్లేడు పాలు లోపలికి పోనిచ్చిన కాలంలో, ఆపైన గీకుడు తప్ప మరొకటి తెలియని కాలంలో, వాళ్లు కళ్లారా చూసిన సత్యం అది. ఇన్ఫెక్షను సోకి నాళాలు మూసుకుపోయిన ఆడవాళ్లను వాళ్లు చూశారు. వాళ్ల అనుభవం నిజం. దాని నుంచి మనం తీసిన తీర్మానం తప్పు. వాళ్లు చూసినది గర్భస్రావపు ఫలితం కాదు, అశుభ్రమైన గర్భస్రావపు ఫలితం. ఇబ్బంది లేకుండా జరిగిన చూషణ వల్ల గానీ మాత్రల వల్ల గానీ మళ్లీ గర్భం ధరించే శక్తి పోదు. ఇంకా చెప్పాలంటే, గర్భస్రావమైన ఎనిమిది పది రోజులకే మళ్లీ అండం విడుదల కావచ్చు. కాబట్టి ఆమెకు చెప్పవలసినది "ఇక పుట్టరు" అని కాదు, "జాగ్రత్త పడకపోతే వచ్చే నెలే మళ్లీ నిలవవచ్చు" అని.

ఈ భయానికి ఇటీవలి కాలంలో చదువుకున్న ముసుగు కూడా తొడుగుతున్నారు. గర్భస్రావం వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందంటారు. 2004లో 16 దేశాల్లోని 53 అధ్యయనాలను, రొమ్ము క్యాన్సరున్న 83,000 మంది స్త్రీల వివరాలను తిరిగి పరిశీలించి, అటువంటి సంబంధమేదీ లేదని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. జీవితాంతం పశ్చాత్తాపంతో కుమిలిపోతారంటారు. అమెరికాలో టర్న్‌అవే అనే పరిశోధనలో సుమారు వెయ్యిమంది స్త్రీలను అయిదేళ్లపాటు అనుసరించి అడిగారు. గర్భస్రావం చేయించుకున్నవారిలో అత్యధికులు అయిదేళ్ల తరువాత కూడా తమ నిర్ణయం సరైనదేనన్నారు. మరొక లెక్క కూడా చూడండి. అమెరికా గణాంకాల ఆధారంగా 2012లో వెలువడిన ఒక పత్రం ప్రకారం, చట్టబద్ధమైన గర్భస్రావాల్లో లక్షకు 0.6 మంది మరణిస్తే, ప్రసవాల్లో లక్షకు 8.8 మంది మరణించారు. ప్రసవంలో ప్రాణాపాయం దాదాపు పద్నాలుగు రెట్లు ఎక్కువన్నమాట. ప్రసవం ప్రమాదకరమని చెప్పి ఎవరూ కోడళ్లను భయపెట్టరు. మన ఆందోళన నిజంగా ఆమె ఆరోగ్యం గురించే అయితే ఈ లెక్క మనకు ముందే తెలిసి ఉండేది.

పిండానికి ప్రాణం ఉందని, దాన్ని తీయడం పాపమని నమ్మేవారిని నేను తూలనాడను. అది వారి విశ్వాసం. వారు తమ గర్భం విషయంలో ఆ విశ్వాసాన్ని పాటించవచ్చు. కానీ పాపమని చెప్పదలచుకున్నవారు పాపమనే చెప్పాలి. వైద్యం నోటితో అబద్ధమాడకూడదు. మత విశ్వాసానికి తెల్లకోటు తొడిగి, బెదిరింపుగా వాడటం ఏ మతానికీ గౌరవం కాదు.

ఇక రెండవ అబద్ధం. "మింగితే అయిపోతుంది." ఇది మరీ ప్రమాదకరమైనది, ఎందుకంటే ఇందులో ముప్పాతిక నిజముంది. 2015లో మన దేశంలో సుమారు కోటీ 56 లక్షల గర్భస్రావాలు జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అందులో ఆసుపత్రుల్లో జరిగినవి 34 లక్షలే. కోటీ 15 లక్షలు, అంటే నూటికి 73, ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతో జరిగాయి. మరో 8 లక్షలు ఇతర పద్ధతుల్లో, అంటే అత్యంత ప్రమాదకరమైన దారుల్లో. ఆసుపత్రి బయట మాత్ర వేసుకున్నంత మాత్రాన ప్రాణం పోదు. సరైన సమాచారం, నాణ్యమైన మందు, అవసరమైతే వైద్య సహాయం అందుబాటులో ఉంటే తొలి పన్నెండు వారాల్లో స్త్రీ తనంతట తాను కూడా ఈ మాత్రలు వాడుకోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మన చట్టం అంత దూరం పోలేదు. అయితే ఆ సంస్థ పెట్టిన మూడు షరతులూ మన వీధి చివరి దుకాణంలో ఎంతవరకు నెరవేరుతున్నాయి?

మా అపార్టుమెంటులో రెండు మూడు ఇళ్లలో పనిచేసే ఒకామె సంగతి చెబుతాను. పేరు చెప్పను. ఇద్దరు పిల్లలు. మూడోసారి నెల తప్పింది. భర్త దుకాణానికి వెళ్లి కిట్టు తెచ్చి ఇచ్చాడు. చీటీ అడిగినవారు లేరు, ఎన్ని వారాలని అడిగినవారూ లేరు. మందు వేసుకుంది, కాస్త రక్తం కనిపించింది, అయిపోయిందనుకుంది. వారం తరువాత మా వంటింట్లో గిన్నెలు తోముతూ, పొత్తికడుపులో ఒక పక్క పొడిచినట్టుందని కూలబడిపోయింది. ఆమె గర్భం గర్భసంచిలో లేదు, నాళంలో ఉంది. అది చిట్లింది. ఆటోలో తీసుకువెళ్లిన మొదటి ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె పెదవులు తెల్లబడిపోతుంటే, కౌంటరు దగ్గర "భర్త ఎక్కడ? సంతకం కావాలి" అన్నారు. రెండవ ఆసుపత్రిలో ఆపరేషను చేసి, రక్తం ఎక్కించి బతికించారు. కోలుకున్నాక ఆమె నాతో అన్న మొదటి మాట, "అమ్మా, మా అత్తకు తెలియనివ్వకండి" అని. చావు అంచుదాకా వెళ్లి వచ్చిన మనిషికి చావుకంటే అత్త ఎక్కువ భయం. ఆ భయమే ఆమెను స్కానింగు దాకా పోనివ్వలేదు.

నాళంలో నిలిచే గర్భాలు నూటికి ఒకటి రెండు ఉంటాయి. వాటి మీద ఈ మాత్రలు పనిచేయవు. అంతకంటే ఘోరమేమంటే, మాత్రల వల్ల కనిపించే కొద్దిపాటి రక్తం చూసి ఆమె పని అయిపోయిందనుకుంటుంది. ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, భుజం దగ్గర నొప్పి ఉంటే ఆలస్యం చేయకూడదన్న సంగతి ఎవరు చెప్పాలి? దుకాణంలోని కుర్రవాడా? మరో విషయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత. ఉన్నదే తక్కువ రక్తం. ఆరోగ్యవంతురాలు తట్టుకునే రక్తస్రావం ఈమెను మంచాన పడేస్తుంది. "మింగితే అయిపోతుంది" అనేవాడు ఆమె రక్తం ఎంతుందో ఎన్నడైనా అడిగాడా?

చట్టం ఏమంటోంది? చాలామంది అనుకున్నట్టు మన దేశంలో గర్భస్రావం నిషిద్ధం కాదు. అలాగని అది పూర్తి హక్కూ కాదు. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షను గర్భస్రావాన్ని నేరమన్నది. 2024 జూలై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో అదే 88వ సెక్షనుగా కొనసాగుతోంది. అందులో స్త్రీని కూడా దోషిగా చేర్చారు. ఆ నేరానికి మినహాయింపుగా, శాంతిలాల్ షా సంఘం సిఫారసుల మీద 1971లో వైద్యపరమైన గర్భస్రావ చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 2021 సవరణ తరువాత 20 వారాల దాకా ఒక వైద్యుని అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల దాకా, నిర్దేశించిన కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరు వైద్యులు ఒప్పుకోవాలి. పిండానికి తీవ్రమైన అవకరాలుంటే 24 వారాల తరువాత కూడా వైద్య మండలి అనుమతించవచ్చు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, ఈ విషయంలో పెళ్లి అయినవారికీ కానివారికీ తేడా చూపరాదని తీర్పు చెప్పింది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. పద్దెనిమిదేళ్లు నిండిన, మానసికంగా ఆరోగ్యవంతురాలైన స్త్రీ విషయంలో ఆమె ఒక్కతె సమ్మతి చాలు. భర్త సంతకం అక్కరలేదు. తండ్రి సంతకం అక్కరలేదు. అత్తగారి అనుమతి అక్కరలేదు. ఇది 1971 నుంచీ ఉన్న నియమం. ఇటువంటి చట్టంలో లేని షరతులు పెట్టవద్దని 2022 తీర్పులో సుప్రీంకోర్టు వైద్యులకు ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. ఆమె వివరాలను బయటపెడితే ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చునని చట్టమే చెబుతోంది. ఇన్ని ఉన్నా కౌంటరు దగ్గర "భర్త సంతకం" అనే మాట ఎందుకు వినిపిస్తోంది? అడిగేవారికి చట్టం తెలియక కొంత, తెలిసినా రేపు భర్త వచ్చి గొడవ చేస్తాడన్న భయం కొంత. ఆ సంతకం కోసం తిరిగిన ప్రతి వారమూ ఆమె ఖాతాలో పడుతుంది. అమెరికాలో 1988 నుంచి 1997 దాకా జరిగిన మరణాలను పరిశీలించిన అధ్యయనం ఒకటి, గర్భస్రావంలో ప్రాణాపాయం వారం వారానికీ 38 శాతం చొప్పున పెరుగుతుందని తేల్చింది. మొదటి వారాల్లో అది అత్యల్పం కనుక ఆ పెరుగుదల కనిపించదు. నాలుగైదు నెలలకు కనిపిస్తుంది. సంతకం అడిగేవారు ఆమెను రక్షించడం లేదు, వారాలు లెక్కపెట్టి మరీ ఆమె ముప్పును పెంచుతున్నారు.

మన పల్లెల్లో ఇంకొక విచిత్రముంది. చట్టంలో గర్భస్రావం చేయదగినవాడు "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్", అంటే ఆర్‌ఎంపీ. గుర్తింపు పొందిన డిగ్రీ, స్త్రీరోగ చికిత్సలో అనుభవమో శిక్షణో ఉన్న వైద్యుడని అర్థం. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే? ఎక్కడో కాంపౌండరుగా పనిచేసి, ఒక సంచీ, ఒక సిరంజీ పట్టుకుని సైకిలు మీద వచ్చినవాడు. అవే మూడు అక్షరాలు చట్టంలో రక్షణ, ఊళ్లో ముప్పు. అయినా ఆమె అతని దగ్గరికే ఎందుకు పోతుంది? అతను ప్రశ్నలు వేయడు. రాత్రిపూట వస్తాడు. ఎవరికీ చెప్పడు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరికేదాన్ని వదిలి అతనికి డబ్బిచ్చి ఆమె కొనుక్కుంటున్నది వైద్యం కాదు, మౌనం. మనం ఆ మౌనానికి అంత ధర కట్టకపోతే అతని వ్యాపారం ఒక్క ఏడాది నిలవదు.

లింగనిర్ధారణ సంగతి ఎత్తకపోతే ఈ మాట పూర్తికాదు. ఆడపిల్లను పిండంగా ఉన్నప్పుడే తొలగించే దుర్మార్గాన్ని నేను ఎవరికీ తీసిపోకుండా ద్వేషిస్తాను. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కఠినంగా అమలు కావాలి. కానీ "భ్రూణహత్య మహాపాపం" అని గోడల మీద రాసి, ఒక నేరాన్నీ ఒక న్యాయమైన చికిత్సనూ ఒకే మాటతో కొట్టడం తెలివైన పని కాదు. ఆ చట్టం నిషేధించింది ఆడా మగా అని చూసి చెప్పడాన్ని. స్కానింగులో అది తెలిసేది సుమారు పన్నెండు వారాలు దాటాక. మాత్రల గడువు తొమ్మిది వారాలు. మరి ఆడపిల్లలను కాపాడే పేరుతో మందుల దుకాణాల మీద పడి ఈ మాత్రలు దొరకకుండా చేస్తే ఎవరు ఆగుతారు? స్కానింగు యంత్రంతో వ్యాపారం చేసేవాడు ఆగడు. రెండో నెలలోనే తేలికగా బయటపడవలసిన స్త్రీ మాత్రం నాలుగో నెల దాకా ఆగుతుంది.

చట్టమున్న చోటే పరిస్థితి ఇది. చట్టం తలుపు మూసిన చోట ఏమవుతుందో కూడా లోకం చూసింది. రొమేనియా 1966లో గర్భస్రావాన్ని దాదాపుగా నిషేధించింది. జనాభా పెంచాలన్నది పాలకుల కోరిక. తరువాతి రెండు దశాబ్దాల్లో ఆ దేశంలో ప్రసూతి మరణాలు ఐరోపాలోకెల్లా ఎక్కువయ్యాయి, వాటిలో ఎక్కువ భాగం దొంగచాటు గర్భస్రావాలవే. 1989 డిసెంబరులో నిషేధం ఎత్తివేశాక ఏడాదిలోనే ప్రసూతి మరణాల రేటు దాదాపు సగానికి పడిపోయింది. 2012 అక్టోబరులో ఐర్లాండులోని గాల్వేలో మన భారతీయురాలే అయిన సవితా హలప్పనవర్, 31 ఏళ్ల దంతవైద్యురాలు, 17 వారాల గర్భంతో ఆసుపత్రిలో చేరింది. గర్భం నిలవదని తేలింది. తీసివేయమని అడిగింది. పిండం గుండె కొట్టుకుంటోందని వేచి చూశారు. ఇన్ఫెక్షను రక్తానికి పాకి ఆమె మరణించింది. 2018 మేలో ఐర్లాండు ప్రజలు ఓటు వేసి తమ రాజ్యాంగంలోని ఆ నిషేధాన్ని తొలగించుకున్నారు. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తరువాత టెక్సస్‌లో గర్భస్రావం దాదాపు పూర్తిగా నిషిద్ధమైంది. డాలస్‌లో, హ్యూస్టన్‌లో ఉన్న మన అమ్మాయిలు ఎందరో! "అమెరికాలో ఉంది, దానికేం" అని నిశ్చింతగా ఉన్న తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతి, ఈ ఒక్క విషయంలో హైదరాబాదు చట్టమే డాలస్ చట్టం కంటే దయగలది.

"ఇంత చెప్పారు సరే, అసలు అవాంఛిత గర్భమే రాకుండా చూసుకోవచ్చు కదా" అంటారు కొందరు. చూసుకోవచ్చు. ఎవరు చూసుకోవాలి? పైన చెప్పిన సర్వేలోనే ఉంది లెక్క. దేశంలో కుటుంబ నియంత్రణ కోసం ఆపరేషను చేయించుకున్న స్త్రీలు నూటికి 37.9. పురుషుల ఆపరేషన్లు నూటికి 0.3. ఆంధ్రప్రదేశ్‌లోనైతే స్త్రీల ఆపరేషన్లు డెబ్భై శాతానికి చేరువలో ఉన్నాయి. పురుషుల ఆపరేషను ఇంతకంటే చిన్నది, తేలికైనది, కత్తి గాటు కూడా అక్కరలేనంత సులువైనది. గర్భం రాకుండా చూసుకోవడం ఆమె బాధ్యత. వస్తే తప్పు ఆమెది. తీయించుకుంటే పాపం ఆమెది. తీయించుకోవడానికి సంతకం మాత్రం అతనిది! ఈ పంపకంలో న్యాయం ఎక్కడుందో నాకు ఎంత వెదికినా కనబడలేదు.

నేను కోరేవి గొంతెమ్మ కోరికలు కావు. గీకుడు పనిముట్లను మూలన పెట్టి, ప్రతి ప్రభుత్వాసుపత్రిలో చూషణ సౌకర్యం, అది తెలిసిన సిబ్బంది ఉండాలి. భర్త సంతకం అడగడం చట్ట విరుద్ధమని కౌంటరు దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలి. మాత్రల పెట్టెలో వారాల లెక్క, ప్రమాద సూచనలు, పోవలసిన చోటు తెలుగులో చదివి అర్థమయ్యేలా ఉండాలి. చదవడం రానివారికి బొమ్మలుండాలి. అవసరమైన స్త్రీకి ముందు స్కానింగు, రక్తపరీక్ష చేయాలి. అవి చేసేటప్పుడు "పెళ్లయిందా?" అన్న ప్రశ్నను చూపుతో సైతం అడగకూడదు. ఇంటర్మీడియెటు పాఠంలో గర్భం ఎలా వస్తుందో రాసినట్టే, అది అక్కరలేనప్పుడు చట్టమేమంటోందో, వైద్యమేమంటోందో కూడా పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలి.

వీటిలో ఏదీ రేపే జరగకపోవచ్చు. కానీ ఒకటి మాత్రం ప్రభుత్వం కోసం ఆగనక్కరలేదు. మీ ఇంట్లో కూతురో, కోడలో, పనిచేసే మనిషో ఒక రోజు మీ దగ్గరికి వచ్చి నెల తప్పిందని, వద్దనుకుంటున్నానని చెబితే, "ఎవరికైనా తెలిస్తే?" అని అడగకండి. "ఎన్ని వారాలైంది?" అని అడగండి. మొదటి ప్రశ్న ఆమెను రాత్రిపూట వచ్చే సంచీవాడి దగ్గరికి పంపుతుంది. రెండవ ప్రశ్న ఆసుపత్రికి పంపుతుంది.